బోదె దాకా వెళ్ళి, వెనక్కి

3 ఆగస్టు 1988

నలభై రెండులో గురువుగారు నాకు మాట ఇచ్చారు. వచ్చే శివరాత్రికి పాలకొల్లు క్షీరారామం ముందు పందిట్లో హరికథ నేనే చెబుతానని, ఆ రోజున తన చిడతలు నా చేతికే ఇస్తానని. శివరాత్రి వచ్చింది. చిడతలు నా తోటి శిష్యుడు చంద్రరావు చేతికి వెళ్ళాయి. నేను ధవళేశ్వరంలో కాలువల ఆఫీసుకి వెళ్ళి గుమాస్తాగా చేరాను, హెడ్ గుమాస్తాగా దిగిపోయాను. చంద్రరావు పోయి కూడా చాలా కాలమైంది. సంతాప సభకి పిలిచారు, వెళ్ళలేదు. వెళ్తే మాట్లాడమంటారు. మాట్లాడితే నిజం చెబుతాను.

ఇవాళ ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, దానవాయిపేటలో కొత్తగా తెరిచిన కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. గది గుమ్మం దగ్గర చెప్పులు విప్పమన్నారు. లోపల ఏసీ, కింద తివాచీ. చెప్పులు విప్పి, కండువా సర్దుకుని, అడుగు లోపల పెట్టేసరికి కాళ్ళు గజ్జెల కోసం వెతుక్కున్నాయి.

పాఠం చెప్పేది మీనాకుమారి అనే అమ్మాయి. పెనుగొండ వాళ్ళు, తండ్రికి బట్టల కొట్టు ఉంది. కాకినాడలో చదివొచ్చింది. ఈ వయసులో ఎందుకు చేరారని అడిగింది. ఈ ఊరి లైబ్రరీలో నాకు చదవడానికి ఇంకేమీ మిగల్లేదన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, హాజరు పట్టీలో పేరు రాసుకుంది.

4 ఆగస్టు

నేర్పేది పాస్కల్ అనే భాష. ప్రతి వాక్యం చివర చుక్క పెట్టి, దాని కింద కామా తగిలించాలి. ఇంత శ్రద్ధ మా ఆఫీసులో సూపరింటెండెంట్లకి ఉండి ఉంటే నా ఫైళ్ళు అన్నిసార్లు తిరిగొచ్చేవి కావు.

9 ఆగస్టు

క్లాసులో పిల్లలు నన్ను తాతగారంటున్నారు. మీనాకుమారి బాబాయిగారంటుంది. నేను ఆమెని మేడమ్ గారంటాను. ఇంట్లో అన్నపూర్ణ మాత్రం, “ఏమండీ, మీరు పరీక్ష తప్పితే నేను పేరంటాలకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళనండీ?” అంటోంది. పెళ్ళై నలభై అయిదేళ్ళైనా ఈవిడ నన్ను ప్రోత్సహించే పద్ధతి మార్చుకోలేదు.

19 ఆగస్టు

గోదావరి పోటు మీద ఉంది. వంతెన మీదనుంచి చూసి, బట్టలు తడుపుకుని క్లాసుకి వెళ్ళాను.

ఇవాళ డైరెక్టరీలు. ఒక అర, అందులో ఇంకో అర, అందులో మరోటి, ఎంత లోతుకైనా. ఎవరికి ఇష్టమైన అరలు వాళ్ళని చేసుకోమంది. పిల్లలు సినిమా హీరోల పేర్లు పెట్టుకున్నారు. నేను కాలువలు పెట్టాను. ముందు ధవళేశ్వరం. దాని లోపల తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పడమటి డెల్టా. తూర్పు లోపల కాకినాడ కాలువ, కోరంగి కాలువ. వాటి లోపల పిల్లకాలువలు, వాటి లోపల పొలాల్లోకి పోయే బోదెలు. కాగితం చూడకుండా మొత్తం కొట్టాను. పేరుకి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే పడతాయి కాబట్టి అమలాపురం తోక తెగింది. కోనసీమ వాళ్ళెవరూ చూడకపోతే మంచిది.

మీనాకుమారి వెనక నిలబడి చాలాసేపు చూసింది. “ఇన్నీ మీకు నోటికొచ్చాండీ?” అంది.

ముప్పై ఏళ్ళు ఈ పేర్లు రాశానమ్మా, వేరే పేర్లేవీ రావు నాకు అన్నాను.

22 ఆగస్టు

అక్టోబరు తొమ్మిది ఆదివారం బ్యాచ్ ముగింపు సభ. తల్లిదండ్రుల్నీ ఊళ్ళో పెద్దల్నీ పిలుస్తారు. ఒక్కొక్కళ్ళూ తను రాసిన ప్రోగ్రాం అందరి ముందూ నడిపి చూపించాలి. మధ్యలో ఆగిపోతే కూర్చోవలసిందే.

నా వంతుకి మీనాకుమారి ఇచ్చిన పని: నా కాలువల అరలన్నీ మెట్లు మెట్లుగా కాగితం మీద అచ్చు కావాలి. లోపలి అర పేరు బయటి దానికన్నా కాస్త కుడికి జరిగి పడాలి. చూడగానే ఏది దేని లోపల ఉందో తెలియాలి.

సర్టిఫికెట్టు నాకెందుకు. కానీ నలుగురి ముందు నిలబడి ఒక్కటంటే ఒక్కటి మొదలుపెట్టి, ఆఖరిదాకా నడిపి, దిగాలి. ఈ జన్మకి నేను అడిగేది అదే. ఇక్కడ తప్ప ఎక్కడా అడగను.

30 ఆగస్టు

ఈ రోజు నాకు పట్టిన సంతోషం రాయకపోతే నిద్ర పట్టదు.

అరల లోతు ముందుగా తెలియదు కదా, మరి ఎన్ని మెట్లు ఉంటాయో తెలియకుండా ప్రోగ్రాం ఎలా రాస్తారని అడిగాను. మీనాకుమారి సుద్దముక్కతో బోర్డు మీద ఆరేడు వరసలు రాసింది. అర పేరు అచ్చు వెయ్యి. లోపల ఇంకో అర కనిపిస్తే, ఇదే పని దానికీ చెయ్యి. అయిపోయాక ఆగిన చోటుకి వచ్చి తర్వాతది చూడు. అంతే. ఆ పని తనని తానే పిలుచుకుంటుంది. ఆ పని పేరు ప్రొసీజరట, అలా తనని తనే పిలుచుకోవడం పేరు రికర్షనట.

పిల్లలు బిక్కమొహం వేశారు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఇది పిట్టకథ. హరికథ నడుస్తూ ఉంటుంది, మధ్యలో ఒక పిట్టకథలోకి దిగుతాం. అందులోంచి ఇంకో పిట్టకథ. అది ముగించి బయటికొస్తాం, ఇదీ ముగించి బయటికొస్తాం, అసలు కథ ఏ మాట మీద వదిలామో ఆ మాట మీద మళ్ళీ పట్టుకుంటాం. మా గురువుగారు మూడు పిట్టకథల లోతుకి వెళ్ళొచ్చి వదిలిన చరణాన్ని వదిలిన అక్షరం మీద అందుకునేవారు. జనం ఊపిరి వదిలేవారు.

లేచి నిలబడి క్లాసుకంతా ఇది చెప్పాను. మీనాకుమారి కూర్చుని విన్నది. తను కాలువలో నీళ్ళతో పోల్చి చెబుదామనుకుందట. అది కుదరదన్నాను. నీళ్ళు వెనక్కి రావు. కథ వస్తుంది.

ఇంటికి నడిచి వచ్చాను. రిక్షా వాడు పిలిచినా ఎక్కలేదు. అన్నపూర్ణ మొహం చూసి, “ఏంటండీ, పెన్షన్ పెంచారా?” అంది.

6 సెప్టెంబరు

ప్రోగ్రాం నడిపాను. ప్రతి అరలోనూ మనం పెట్టకుండానే చుక్క పేరుతో ఒకటి, రెండు చుక్కల పేరుతో ఇంకోటి ఉంటాయట. ఒక చుక్క అంటే ఆ అరే, రెండంటే దాని బయటి అర. నాది దాన్ని చూసి, ఇదేదో కొత్త అర అనుకుని లోపలికి వెళ్ళింది. లోపల మళ్ళీ అదే చుక్క. తెర మీద చుక్కలు మెట్లు మెట్లుగా కుడికి దిగిపోతూ అంచు దాటిపోయాయి, మిషను కొయ్యబారిపోయింది. తనలోకి తనే దిగి పైకి రాలేకపోయింది.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఇలా తమ గురించి తాము చెప్పుకుంటూ తమలోకే దిగిపోయే వాళ్ళని సాహిత్య సభల్లో బోలెడుమందిని చూశాను. అప్పుడు స్విచ్చి నొక్కే సదుపాయం లేకపోయింది.

చుక్క కనిపిస్తే వదిలెయ్యమని ఒక వరస చేర్చాను. చుక్కల గొడవ వదిలింది.

11 సెప్టెంబరు

సత్యనారాయణ వచ్చాడు. ఆ రోజుల్లో మా బృందంలో హార్మోనియం వాయించేవాడు. ఇప్పుడు నిడదవోలులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. నా పక్షాన నిలబడ్డది ఆ రోజుల్లో వాడొక్కడే. అన్నపూర్ణ పెసరట్లు వేస్తుంటే వాడు ఎన్ని తిన్నాడో లెక్కపెట్టడం మర్యాద కాదని ఊరుకున్నాను.

మాటల మీద పెనుగొండ సంగతి వచ్చింది. గురువుగారు శివరాత్రికి ముందు, ఎలా చెబుతానో చూద్దామని పెనుగొండలో ఒక షావుకారు గారింట్లో నా చేత చెప్పించారు. మహా బాగా చెప్పాను. మూడు పిట్టకథల లోతుకి వెళ్ళాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

“బానే చెప్పావురా,” అన్నాడు సత్యనారాయణ. “మధ్యలో కాసేపు ఆగావంతే.”

ఆగడం కూడా కళే అన్నాను. కాదనలేదు. ఇంకో అట్టు వేయించుకున్నాడు.

16 సెప్టెంబరు

ప్రోగ్రాం మళ్ళీ నడిపాను. కాగితం మీద పడ్డది ఇది. తెలుగులో దించుకుంటున్నాను.

ధవళేశ్వరం
   తూర్పు డెల్టా
      కాకినాడ కాలువ
         పిల్లకాలువ
            బోదె

అంతే. బోదె దాకా గబగబా దిగింది. ఆగిపోయింది. కోరంగి లేదు, మధ్య డెల్టా లేదు, పడమటి డెల్టా మొత్తానికే లేదు. సగం దేశానికి నీళ్ళు లేవు.

మీనాకుమారి నా వరసల మీద వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. ఏ అర దాకా చూశామో గుర్తుపెట్టుకునే డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని నేను ప్రోగ్రాం పైన, అందరికీ కలిపి ఒక్కటే పెట్టాను. పొరపాటున కాదు, కావాలనే పెట్టాను. కథ చెప్పేవాడు ఒక్కడు, వాడి జ్ఞాపకం ఒక్కటి. ఎన్ని పిట్టకథలు చెప్పినా బుర్ర ఒక్కటే కదా. అదే మాట ఆమెతోనూ అన్నాను.

ఆమె నెమ్మదిగా, “లోపలికి బాగానే వెళ్తోందండి. తిరిగొచ్చేసరికి ఎక్కడ వదిలిందో మర్చిపోతోంది,” అంది.

చెప్పులు వేసుకుని వచ్చేశాను.

సరిగ్గా ఈ మాటే పెనుగొండ నుంచి బండిలో వస్తూ గురువుగారు అన్నారు. చంద్రరావు పక్కనే కూర్చుని విన్నాడు. గురువుగారి నోట్లో ఆ మాట పెట్టింది వాడేనని నా నమ్మకం. మరి ఈ పిల్ల నోట్లో ఎవరు పెట్టారు?

17 సెప్టెంబరు

వెళ్ళలేదు.

19 సెప్టెంబరు

వెళ్ళలేదు. మోకాలు నొప్పి.

20 సెప్టెంబరు

మోకాలు నొప్పి లేదు.

23 సెప్టెంబరు

కంప్యూటర్ల వల్ల మనుషుల జ్ఞాపకశక్తి నశిస్తుందని పత్రికకి ఒక వ్యాసం మొదలుపెట్టాను. మంచి ఎత్తుగడ. మూడో పేరాలో పాత గ్రంథాల గురించి ఒక ప్రస్తావన వచ్చి, దాన్నుంచి తాటాకుల సంగతిలోకి వెళ్ళి, ఆపేశాను. రేపు పూర్తి చేస్తాను.

25 సెప్టెంబరు

వ్యాసం పూర్తి కాలేదు. దేని గురించో మళ్ళీ మొదటినుంచి చదువుకోవాలి.

26 సెప్టెంబరు

మధ్యాహ్నం మీనాకుమారి ఇంటికే వచ్చింది. అన్నపూర్ణ వీధి అరుగు మీద చాప వేసి, కాఫీ ఇచ్చి, పూతరేకులు పెట్టి, నా మీద ఫిర్యాదులు చెప్పడం మొదలుపెట్టింది. వారం నుంచి ఇంట్లో కూర్చుని పప్పులో ఉప్పు తక్కువని, సాంబారులో ఎక్కువని వేపుకు తింటున్నానట. “మీరు తీసుకుపోండమ్మా ఈయన్ని, మీ మిషన్లోనే పెట్టుకోండి,” అంది.

మీనాకుమారి పూతరేకు తిని చెయ్యి తుడుచుకుని, “బాబాయిగారూ, అన్నీ ఒక్కరే గుర్తుపెట్టుకోవాలని ఎవరన్నారండీ?” అని అడిగింది.

చెప్పేవాడు ఒక్కడే కదమ్మా అన్నాను.

“హరికథలో ఒక్కరేనండి. ఇక్కడ మెట్టుకొకరు. తూర్పు డెల్టా చెప్పే ఆయన వేరు, కాకినాడ కాలువ చెప్పే ఆయన వేరు. లోపలాయన చెప్పడం మొదలెడితే బయటాయన తన చోటు తను గుర్తుపెట్టుకుని అలా నిలబడి ఉంటాడు. లోపలాయన ముగించాక ఈయన అందుకుంటాడు. మీరేమో అందరికీ కలిపి ఒకే గుర్తు ఇచ్చారు. లోపలాయన దాన్ని వాడేసి వెళ్ళిపోతుంటే, బయటాయన పాపం ఏం చేస్తాడండీ?”

కాఫీ చల్లారిపోయింది. 

పురాణాల్లో ఉన్నది ఇదే. ఒక ముని చెబుతూ ఉంటాడు. ఆ కథలో ఇంకో ముని ఇంకెవరికో చెబుతాడు. ఆ లోపలి కథలో ఒక చిలుక చెబుతుంది. నేను చిన్నప్పటినుంచీ ఇదంతా కాలయాపన అనుకున్నాను, చెప్పేవాడు ఒక్కడు చాలడా అని. చాలడు. అందుకే అంతమందిని పెట్టారు. చిలుక ముగించేదాకా ముని నోరు తెరుచుకుని అక్కడే ఉంటాడు, ఆ పై ముని ఆయన కోసం ఉంటాడు. ఎవరి చోటు వారిది. ఒక్కడి నెత్తి మీద అంత బరువు పెట్టకూడదు.

డబ్బాని పైనుంచి తీసి ప్రొసీజరు లోపల పెట్టాలి. ఒక్క వరస ఇక్కణ్ణుంచి అక్కడికి జరపడం. అంతే పని.

చొక్కా వేసుకుని ఆమెతోపాటే బయల్దేరాను. అన్నపూర్ణ వెనకనుంచి, “గొడుగండీ,” అంది. ఎండ కాస్తోంది.

అదే రోజు, సాయంత్రం

ధవళేశ్వరం
   తూర్పు డెల్టా
      కాకినాడ కాలువ
         పిల్లకాలువ
            బోదె
      కోరంగి కాలువ
         పిల్లకాలువ
   మధ్య డెల్టా
      అమలాపురం కాలువ
         పిల్లకాలువ
            బోదె
      గన్నవరం కాలువ
   పడమటి డెల్టా
      ఏలూరు కాలువ
         పిల్లకాలువ
      నరసాపురం కాలువ
         పిల్లకాలువ
            బోదె

బోదె దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, కోరంగి. ఆ కోరంగి దగ్గర పేరు ఎడమకి జరిగిన చోట చూపుడు వేలు పెట్టి ఎంతసేపు చూశానో. దిగడం ఎవడైనా దిగుతాడు. ఆ జరగడం ఉందే.

ప్రింటరు కర్రుకర్రుమంటూ ఒక్కో వరస వేస్తుంటే పిల్లలు లేచొచ్చి చుట్టూ మూగారు. నరసాపురం వైపు కుర్రాళ్ళు తమ కాలువ వచ్చేదాకా ఆగి చప్పట్లు కొట్టారు.

2 అక్టోబరు

సత్యనారాయణకి కార్డు రాశాను, తొమ్మిదో తారీకు తప్పక రమ్మని. ముందు వరసలో కుర్చీ వేయిస్తానని.

9 అక్టోబరు

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

హాలు నిండింది. అన్నపూర్ణ పెళ్ళిళ్ళకి కట్టుకునే పట్టుచీర కట్టుకొచ్చి ఆడవాళ్ళలో కూర్చుంది. సత్యనారాయణ ముందు వరసలో, పంచుతున్న జీడిపప్పు పకోడీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముఖ్య అతిథి ఒక సినిమా హాలు యజమాని. నా పేరు పిలిచారు. చెప్పులు విప్పి వేదిక ఎక్కాను. మీట మీద వేలు పెట్టాను. కరెంటు పోయింది.

కరెంటు పోయినా నడిపే పెట్టె ఒకటి ఉందన్నారు. అది కీచుమని అరిచి తనూ పోయింది. జనంలో గోల మొదలైంది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు లేవబోతున్నారు. వాళ్ళు వెళ్ళిపోతే నా పని ముగిసినట్టే. మీనాకుమారి పక్కకొచ్చి, “కాసేపు ఏదైనా మాట్లాడండి బాబాయిగారూ. కథలాగే చెప్పండి,” అంది.

చెప్పాను. కండువా నడుముకి బిగించాను. చిడతలు లేకపోతే ఏం, చేతులున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట మీద నిలబడ్డ మన ప్రొసీజరు అనే పెద్దమనిషి ఎలా తూర్పుకి వెళ్ళాడో, బోదె దాకా దిగి ఎలా వెనక్కొచ్చాడో రాగం తీసి చెప్పాను. లేచినవాళ్ళు కూర్చున్నారు. తూర్పు అయింది, మధ్య డెల్టా అయింది, పడమటి డెల్టాలో నరసాపురం కాలువ మీద పడవల్ని దిగువకి దించే లాకు దగ్గరికి వచ్చాను. ఆ లాకు చూసుకునే లస్కరు పోతురాజు మీద ఒక పిట్టకథ. ఆ లాకులోకి ఒక పెళ్ళి పడవ వచ్చింది. పడవలో పెళ్ళికూతురి తండ్రి మంగళసూత్రాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు, ఆయన మీద ఇంకో పిట్టకథ. ఆ సూత్రాలు చేసిన కంసాలి మీద మరోటి. జనం పడీ పడీ నవ్వారు. ముఖ్య అతిథి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కంసాలి కథ ముగిసింది. ఆగాను.

నా ముందు మొహాలన్నీ పైకెత్తి ఉన్నాయి. నేను వాటిని చూస్తున్నాను. వాటి వెనక గోడ చూస్తున్నాను. పెనుగొండలో షావుకారు గారి గోడకి కూడా ఇదే రంగు.

అప్పుడు పక్కనుంచి, నాకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా, మీనాకుమారి అంది: “పడవ లాకులో ఆగి ఉందండి.”

పడవ. కంసాలి కొత్త సూత్రాలు పట్టుకుని గట్టు మీద పరుగెత్తుకొచ్చాడు, తండ్రి చేతికిచ్చాడు. గట్టు మీద దిగి ఎదురుచూస్తున్న తండ్రి మళ్ళీ పడవెక్కాడు. పోతురాజు తలుపు తిప్పాడు, పడవ దిగువకి దిగింది. పెద్దమనిషి బోదె చూసుకుని పిల్లకాలువకి, పిల్లకాలువ నుంచి నరసాపురం కాలువకి, అక్కణ్ణుంచి పడమటి డెల్టా తలకి, చివరికి ధవళేశ్వరం ఆనకట్ట మీదికి, మొదట ఏ మాట మీద బయల్దేరాడో ఆ మాట మీదికి వచ్చి నిలబడ్డాడు. మంగళం పాడాను.

చప్పట్లు ఇంకా ఆగకుండానే కరెంటు వచ్చింది. మిషను మళ్ళీ లేచింది. మీట నొక్కాను. ప్రింటరు ఒక్కో వరసే వేస్తుంటే, జనం నాకన్నా ముందే పేర్లు పైకి చదివారు. నరసాపురం దగ్గర ఎవరో, “పోతురాజూ, లాకు తియ్యి,” అని కేక వేశారు.

ఇంటికొచ్చాక అన్నపూర్ణ, “మీరు కథ చెప్పడం చూడకుండానే మిమ్మల్ని చేసుకున్నాను కదా,” అంది. అది మెచ్చుకోలో కాదో రేపు అడుగుతాను.

10 అక్టోబరు

అడిగాను. పనుంది అవతలకి వెళ్ళమంది.

ఒక సంగతి స్పష్టంగా రాసిపెట్టుకోవాలి. నిన్న నేను మర్చిపోలేదు. ఊపిరి కోసం ఆగాను. అయినా ఆ సమయానికి ఒక మాట అందించడం అందించినవాళ్ళ సంస్కారం. మెట్టుకొకరు ఉండాలని ఆ అమ్మాయి ఊరికే చెప్పలేదు, తనే ఒక మెట్టు మీద నిలబడి చూపించింది.

పొద్దున్నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. గురువుగారు తను విన్నది తను అన్నారు, నేను ఊపిరి కోసం ఆగానని ఆయనకెలా తెలుస్తుంది. ఆయన మీద కోపం ఇవాళ్టితో తీసేశాను. చంద్రరావు చేతికి ఎవరో చిడతలిస్తే పుచ్చుకున్నాడు, ఎవరైనా పుచ్చుకుంటారు. వాడి సంతాప సభకి వెళ్ళి ఉండవలసింది, ఒక మంచి పద్యం చెప్పి ఉండేవాణ్ణి.

కానీ హరికథలో దాసుగారు ఆగితే పల్లవి అందించవలసింది ఎవరు? పక్కన హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నవాడు. పెనుగొండలో నేను ఊపిరి కోసం ఆగినప్పుడు వాడు ఒక్క మాట అనలేదు. శ్రుతి నొక్కుకుంటూ నా మొహం చూస్తూ కూర్చున్నాడు. నిన్న కూడా ముందు వరసలో, నాకు రెండు గజాల దూరంలో, నోటినిండా పకోడీ పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నాడు.

చేసిందంతా హార్మోనియం వీరవెంకటసత్యనారాయణ.